ముందు బ్రేకు మీద మనవాళ్ళ మూఢనమ్మకం

మోటారుసైకిలు నేర్చుకునే ప్రతి తెలుగువాడికీ మొదటిరోజే ఒక ఉపదేశం అందుతుంది: “ముందు బ్రేకు ముట్టుకోకురా, పల్టీ కొడతావ్!” బాబాయో, పక్కింటి అన్నో, వీధి చివర మెకానిక్కో ఎవరో ఒకరు చెవిలో ఊదేస్తారు. క్లచ్చి ఎలా వదలాలో పావుగంట చెప్పినవాడు కూడా బ్రేకుల పాఠం ఈ ఒక్క ముక్కతో తేల్చేస్తాడు. ఆ ముక్క పట్టుకుని పదేళ్ళు స్ప్లెండరో పల్సరో తోలి, అమెరికా వచ్చి, గ్రీన్ కార్డు క్యూలో నిలబడి నిలబడి విసుగెత్తి, చివరికి ఓ పెద్ద హార్లీ కొనుక్కుంటాం. ఉపదేశం మాత్రం అదే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఉపదేశం శుద్ధ తప్పు. బ్రేకు వేయగానే బండి బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. అందుకే తారు రోడ్డు మీద ఆపే బలంలో సింహభాగం ముందు బ్రేకుదే. కాలితో ఎంత తొక్కినా వెనక టైరు జర్రున జారడం తప్ప బండి ఆగదు. ఇది ఇవాళ కనిపెట్టిన సంగతేం కాదు. 1981లో హ్యారీ హర్ట్ అనే ఆయన లాస్ ఏంజెలెస్‌లో 900 పైగా మోటారుసైకిలు ప్రమాదాలు పరిశోధించి నివేదిక ఇచ్చాడు. ప్రమాదం ముంచుకొచ్చిన క్షణంలో చాలామంది వెనక బ్రేకు అతిగా తొక్కి జారారు, ముందు బ్రేకు సరిగా వాడలేదు అని అందులో ఉంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ లోపు బళ్ళకి ఏబీఎస్ అయినా ఉండాలి, లేదా రెండు బ్రేకులూ కలిపి పనిచేసే ఏర్పాటైనా ఉండాలి. ఆ ఏర్పాటున్న బండిలో వెనక బ్రేకు నొక్కినా ముందు చక్రానికీ కొంత అందుతుంది. మరి ముందు బ్రేకు ముట్టుకోకూడదంటే ఆ బండి గతేమిటో మా బాబాయి చెప్పాలి.

సరే, ఇక రెండో రకం పండితులు. వీళ్ళు నాలుగు వీడియోలు చూసి “ముందు బ్రేకే అసలు బ్రేకు, వెనకది ఉత్తిదే” అని తేల్చేసినవాళ్ళు. వీళ్ళు అరవై మైళ్ళ వేగంలో బతికి బయటపడతారు, ఆరు మైళ్ళ వేగంలో పడతారు. ఎలా పడతారో చూడాలంటే స్టర్జిస్ వెళ్ళాలి.

సౌత్ డకోటాలో ఏడువేల జనాభా ఉండే ఊరది. 1938లో మొదలైన ర్యాలీకి ఇప్పటికీ ప్రతి ఆగస్టులో లక్షల మంది వస్తారు. చుట్టూ బ్లాక్ హిల్స్, ఒకదాన్ని మించి ఒకటి వంపుల రోడ్లు. ప్రాణాలు పోయే ప్రమాదాలు ఆ కొండల్లోనూ హైవేల మీదా జరుగుతాయి, వాటి గురించి పేపర్లు రాస్తాయి. పేపర్లకెక్కనివి పెట్రోలు బంకుల దగ్గరా, కంకర పరిచిన క్యాంపు గ్రౌండ్లలోనూ, మెయిన్ స్ట్రీట్‌లో వరసలు కట్టిన బళ్ళ మధ్యలోనూ జరుగుతాయి. నడిచే మనిషి వేగంలో పోతున్న బండి ఉన్నట్టుండి పక్కకి ఒరిగి దబ్బున పడుతుంది. నలుగురూ నవ్వుతారు, ఇద్దరు ఫోన్లు తీస్తారు, ముగ్గురు పట్టి లేపుతారు. పడ్డవాడు “కంకర” అంటాడు. చూసినవాడు “బీరు” అంటాడు. బ్రేకు అని ఎవరూ అనరు.

కానీ చాలాసార్లు అది బ్రేకే. మలుపులో బండి వాలి కూడా పడకుండా ఉండటానికి కారణం అది కదులుతూ ఉండటం. హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు గబుక్కున పట్టుకుంటే ఆ కదలిక పోతుంది, ఫోర్కు కుంగుతుంది, ఇక మిగిలేది వాలు ఒక్కటే. బండి తిరిగిన వైపుకే వాలుతుంది. స్ప్లెండర్‌ని కాలితో ఆపొచ్చేమో గానీ, 370 కిలోల బండిని ఆపలేం. “నా బండికి ఏబీఎస్ ఉందిగా” అంటారేమో. అది చక్రం బిగుసుకోకుండా చూస్తుంది, బండిని నిలబెట్టదు. పైగా ఆ నత్తనడకలో అది పనిచేయను కూడా చేయదు. హార్లీ వాళ్ళు 2014 మోడళ్ళ నుంచి పెద్ద టూరింగు బళ్ళలో రెండు బ్రేకుల్నీ ఎలక్ట్రానిక్స్‌తో కలిపారు కదా, వేగం 20-25 మైళ్ళ కిందకి రాగానే ఆ ముడి విడిపోయేలా కూడా వాళ్ళే పెట్టారు. నెమ్మదిగా పోయేప్పుడు ఏ బ్రేకు వేయాలో నడిపేవాడికే వదిలేశారన్నమాట.

మాతో వచ్చిన ఒక అన్నగారు బంకులోంచి కుడివైపుకి తిరుగుతూ, అడ్డంగా కారు రాగానే ముందు బ్రేకు బిగించారు. వెనక బ్రేకు ఎందుకు వేయలేదూ అంటే, ఆ బ్రేకు వేయాల్సిన కుడికాలు అప్పటికే కింద వేలాడుతోంది. ఇది మన అమీర్‌పేట ట్రాఫిక్ అలవాటు. బండి నెమ్మదించగానే రెండు కాళ్ళూ తెడ్లలా కిందకి దించేస్తాం. స్కూటరైతే సరే, వెనక బ్రేకు ఎడమచేతిలోనే ఉంటుంది. మోటారుసైకిలు మీద మాత్రం కాలు దించిన క్షణమే వెనక బ్రేకు లేనట్టే. ఆయన చీలమండ విరిగింది. గంటల లెక్కన డబ్బులొచ్చే కాంట్రాక్టు, ఆరువారాలు బిల్లింగు లేదు. కుడికాలు కనక కారూ నడపలేరు. పిల్లల్ని బడికి దింపడం, తేవడం అంతా వదినగారి నెత్తిన పడింది. ఇంతకీ జనం ఆయన్ని ఓదార్చిన తీరేమిటంటే, “బండి పడేయనివాడు బండివాడే కాదన్నా” అని. ఈ మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేర్చుకుంటే తప్పేదాన్ని తలరాతలో కలిపేయడం ఇది.

నేర్చుకోవడానికి కొండలెక్కక్కర్లేదు. ఖాళీ పార్కింగు లాటు చాలు (ఆదివారం గుడి పార్కింగు కాదండోయ్, అక్కడ కార్లకే చోటుండదు). కాళ్ళు పైన, చూపు వెళ్ళాల్సిన వైపు, క్లచ్చి సగం పట్టు మీద, వెనక బ్రేకు మీద కాస్త ఒత్తిడి. అలా సున్నాలు చుట్టాలి. ఆపాల్సి వస్తే ముందు హ్యాండిల్ తిన్నగా చేసి, బండి నిటారుగా నిలిచాక మెల్లగా ముందు బ్రేకు పిండాలి. తర్వాత అదే చోట వేగం పెంచి, తిన్నటి దారిలో రెండు బ్రేకులతో గట్టిగా ఆపడం నేర్వాలి. మన ఆర్టీవో ఆఫీసులో ఎనిమిది వేయిస్తారు, కాలు కిందపెట్టకుండా తిరిగొచ్చాడా లేదా చూస్తారు. ఏ బ్రేకుతో తిరిగాడో అడిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మొన్న మా పిన్ని కొడుకు కొత్త బండికి డబ్బు సర్దమని ఫోన్ చేశాడు. పాత బండి ముందు బ్రేకు ఎలా ఉందిరా అనడిగాను.

“అసలు వాడనన్నయ్యా. పొరపాటున కూడా పడకుండా కేబుల్ లూజు చేయించేశా” అన్నాడు గర్వంగా.

ముందు వెళ్ళి అది బిగించుకుని రమ్మన్నాను. డబ్బు సంగతి ఆ తర్వాత.