కాపరులపై మొఱ

అమెరికా దేశపు సదరన్ బాప్టిస్టు చర్చీలలో బోధకులచే చెఱుపబడినవారు, అట్టి బోధకుల పేరుల పట్టికను బహిరంగముగా నుంచుడని వేడుకొనిరి. ప్రతి చర్చియు స్వతంత్రమైనది గాన నది తమకు సాధ్యము గాదని 2008లో పెద్దలు త్రోసిపుచ్చిరి. వారి కార్యాలయముననే యొక యుద్యోగి 2007 నుండి యట్టి పట్టికను గుట్టుగా వ్రాయుచుండెను! 2022 మే మాసమున విచారణ నివేదిక దానిని బయలుపఱచగా నందు, అన్యశాఖలవారితో గూడ, 703 పేరులుండెను. పట్టిక యసాధ్యమను మాట వట్టిది. దాని ప్రకటనమే వారికి గిట్టలేదు.

గాయపడినవారు నోరు విప్పినంతనే, దైవసేవకుని దూషింపరాదు, క్షమింపుమను నుపదేశము సిద్ధముగా నుండును. దేహమును హింసించి, పిమ్మట దైవము పేరనే నోరు కట్టుట రెండవ హింస. దీనినే మేము ఆత్మపీడనమనుచున్నాము. క్షమ బాధితుడొసగు దానమే కాని అపరాధి వసూలుచేయు పన్ను కాదు.

మతమునకు అపకీర్తి వచ్చునందురా? బైబిలునందు నాతాను దావీదురాజును ముఖాముఖి నిలదీసెను. మందను విడిచి తమ కడుపే నింపుకొను కాపరులను యెహెజ్కేలు గర్హించెను. మొఱపెట్టువారు మతద్రోహులైనచో నీ ప్రవక్తలును ద్రోహులే! అసత్యపు నిందలు రావా యందురా? అందులకు మందు విచారణము, మౌనము కాదు. ఆస్ట్రేలియాలో 2013 మొదలు 2017 వఱకు నడచిన రాజవిచారణ సంఘము, చర్చీలందును ఇతర సంస్థలందును బాల్యమున చెఱుపబడిన 8,000 మందికి పైబడినవారి గోడు నేకాంతమున వినెను. మతము కూలలేదు, 2018లో ప్రధానమంత్రియే పార్లమెంటున క్షమాపణము వేడెను.

కావున మేము కోరునది స్వల్పము: చర్చిపై ఫిర్యాదును చర్చి పెద్దలు గాక వెలుపలివారు విచారింపవలెను, పట్టిక బహిరంగముగా నుండవలెను. చదువరులారా! గుడియైనను మఠమైనను చర్చియైనను, పీఠము నెదిరించి యొక బాధితురాలు పలుకునపుడు ముందుగా వినుడు, పిదప విమర్శింపుడు.