ఈల ఊదేవారికీ ఒక చదువు



ఆదివారం తెల్లవారుజామున నంది కొండ కింద నిలబడి చూడండి. బెంగళూరు నుంచి వచ్చిన సైకిళ్లవాళ్లు వరుసగా కొండదారి ఎక్కుతుంటారు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటున్నదో వాళ్ల చేతి గడియారమే చెబుతుంది. ఇక్కడి పల్లెల్లో మన పిల్లలూ అదే వేళకు పరుగు సాధన చేస్తుంటారు. వాళ్ల కాలు నొప్పి సంగతి అడిగేవారు మాత్రం అరుదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. బాగేపల్లి దగ్గర పల్లెలో ఉండే మా తమ్ముడి కూతురు ఎనిమిదో తరగతిలోనే తాలూకా పందేల్లో 800 మీటర్లు గెలిచింది. ఆమెకు నేర్పిన యువకుడు మంచివాడు. పైసా తీసుకోకుండా రోజూ పొద్దున్నే వచ్చేవాడు. మోకాలి కింద నొప్పి అంటే, "ఓర్చుకో, పరుగెత్తితే అదే పోతుంది" అన్నాడు. ఆ పిల్ల నాతోనూ చెప్పుకుంది. "నొప్పి లేకుండా గెలుపు వస్తుందా తల్లీ?" అన్నాను నేను. రెండు నెలల తరువాత ఎముక చిట్లిందని తేలింది. "ఇంక చాలు పెదనాయనా" అని ఆమె మైదానం వైపు పోవడమే మానుకుంది. తప్పు అతనిదని ఎలా అనను? అతనికి నేర్పినవారు లేరు, నాకు తెలియదు.

మన దగ్గర బి.పి.ఎడ్. చదివినవారు పి.టి. మాస్టారు అవుతారు. బడిలో అన్ని ఆటలూ చూడవలసినవారు వారు. ఒకే ఆటను లోతుగా నేర్పే శిక్షకుడి చదువు వేరు. దానికోసమే 1961లో పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ వెలిసింది. 2018 చట్టంతో మణిపూర్‌లో జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం వచ్చింది. కానీ చింతామణి రైతుబిడ్డకు పటియాలా ఎంత దూరం!

మంచి గురువు దొరికితే ఏమవుతుందో మన తెలుగువారికి తెలుసు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ ఆ తరువాత అకాడమీ పెట్టి ఎందరినో తీర్చిదిద్దారు. వరంగల్లు జిల్లా కల్లెడ పిల్ల జీవంజి దీప్తి, నాగపురి రమేశ్ గారి శిక్షణలో 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కంచు పతకం తెచ్చింది.

అందుకే నా ప్రతిపాదన ఇది. మన కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాలకు 2017లో ఏర్పడిన బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం ఉంది. అందులో క్రీడా శిక్షణలో రెండేళ్ల ఎం.ఎస్సీ. పెట్టాలి. మొదటి ఏడు ఎదిగే పిల్లల శరీరం, సాధన మోతాదు, దెబ్బలు, ప్రథమ చికిత్స, ఆడపిల్లల ఆరోగ్యం, వారి భద్రత నేర్పాలి. తిండి పాఠం డబ్బాల పొడులతో కాదు, రాగిముద్ద, పాలు, వేరుసెనగలతో మొదలుకావాలి. రెండో ఏడంతా ఒక తాలూకాలో ఒక ఆట నేర్పాలి. పరీక్షలో పతకాలు లెక్కపెట్టవద్దు. ఏడాది చివర ఎందరు పిల్లలు దెబ్బ తినకుండా ఇంకా ఆడుతున్నారో చూడాలి. పాఠం కన్నడంలో ఉన్నా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లతో "ఎక్కడమ్మా నొప్పి?" అని అడగగలిగేవారు కావాలి. సీట్లలో సగం ఆడవారికివ్వాలి.

"పట్టా చేతికొస్తే ఉద్యోగం వస్తుందా?" అని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్న. తాలూకాకు కొన్ని శిక్షకుల పోస్టులు మంజూరు కాకపోతే అది ఒట్టి కాగితమే. కనుక ఇరవై సీట్లతో మొదలుపెట్టి, రెండూ కలిపే అడగాలి. ఇప్పటికే ఉచితంగా నేర్పుతున్న కుర్రాళ్లకు సెలవుల్లో ఆరు వారాల తరగతి కూడా ఉండాలి. మా పిల్లకు నేర్పిన అతనే మొదటి వరుసలో కూర్చుంటాడు.

మన సంఘం తరఫున విశ్వవిద్యాలయానికి ఒక విన్నపం పంపుదాం. మీ ఊళ్లో నేర్పేవారెవరో, ఆడుతూ మానేసిన పిల్లలెందరో రాయండి. మీ ఉత్తరాలన్నీ దానికి జతచేద్దాం.