అంచుల్లో పెరిగినవాళ్లం

ఊరి మంచినీళ్ల చెరువులో మేం కడవ ముంచకూడదు. గట్టు దిగువన నిలబడితే దయ పుట్టినామె ఎవరో వచ్చి వొంపాలి. కొల్లేరు మాత్రం ఏనాడూ మమ్మల్ని కులం అడగలేదు. అడిగే మనుషులు లేరని కాదు. లోతునీళ్ల వేట వడ్డోళ్లది, మాలపల్లె వాళ్లకి అంచులే. 1960ల్లో ఆ అంచుల్లోనే నేను పెరిగాను. తాటిదోనె మీద కిక్కిస కోసుకురావటం, మోకాటిలోతు బురదలో ఊతేసి కొరమీను కోసం తడుముకోవటం, నత్తగుల్లలేరటం. గుడ్లతో ఉన్న చేప దొరికితే మా అమ్మ వదిలించేసేది. "పురిటికొచ్చిన మనిషిరా అది, వొదిలెయ్" అనేది. కూర లేదని మేం ఏడిస్తే గంజిలో ఉప్పుగల్లేసి ఇచ్చేది. పర్యావరణం అనే మాట తాడేపల్లిగూడెం హాస్టల్లో చేరాక విన్నాను. అర్థం అప్పటికే తెలుసు.

1946లో కె.కె. నీలకంఠన్ గారు పశ్చిమ గోదావరిలోని ఆరేడులో గూడబాతుల స్థావరాన్ని కనుగొన్నారని తర్వాత చదివాను. పక్షుల్ని ప్రేమించిన పెద్దమనిషి, కాదనను. కానీ అక్కడ ఊరుంది గదా! ఆ ఊరోళ్లు రోజూ చూసింది చూపు కాదా?

1970ల్లో సర్కారు వడ్డోళ్లకీ, కొద్దిమంది మాకూ సొసైటీలు పెట్టి చేపల చెరువులిచ్చింది. పెట్టుబడేదీ? డబ్బున్నోళ్లు లీజు కాగితం మీద మాచేత వేలిముద్ర వేయించుకున్నారు. కాగితంలో చెరువు మాది, గట్టుమీద కాపలా మాది, చేప వాళ్లది. గట్లు లేచేకొద్దీ బుడమేరు, తమ్మిలేరు నీళ్లు పోయే దారిలేక మా గుడిసెల్లోకొచ్చాయి.

1999లో 120వ నెంబరు జీవోతో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమయింది. 2002లో రామ్సర్ జాబితాకెక్కింది. 2006లో గట్లు పేల్చినప్పుడు నేను సంతోషించాను. పక్కన మా తమ్ముడు ఏడుస్తున్నాడు. లీజుదారు అప్పటికే సంపాదించుకుని పోయాడు, సొసైటీలో పేరున్నవాడు మిగిలాడు. తర్వాత మళ్లీ గట్లు లేచాయి. అవెవరివో అందరికీ తెలుసు.

అయినా ఏలూరు మీటింగుల్లో "స్థానికుల వల్లే సరస్సు పాడయింది" అంటారు. అయ్యా, ఏ స్థానికులు? ఊతేసినవాడా, ప్రొక్లెయిన్ దింపినవాడా? ఇద్దర్నీ ఒకే మాటలో కలిపేస్తే మీ ప్రకృతి ప్రేమ ఎవరికి పనికొస్తది? కొల్లేట్లో గట్లుండకూడదు. ఈ మాట మా తమ్ముడి మొహం మీదే అన్నాను, ఇప్పటికీ అంటాను. గట్లు తీసిన చోట పైరూ పశువూ ఊతా మాకుండాలి, అదీ అంటాను. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చెరువు నీళ్లు ముట్టింది తాగే హక్కు కోసం. ఆ నీళ్లు బతికుండాలని అడిగే హక్కూ అందులోదే.

ఆటపాకలో గూడబాతులు ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెడుతున్నాయి. లెక్కకి నేనూ వెళ్తాను. నా పుస్తకంలో పక్షుల పక్కన ఊతలేసేవాళ్ల లెక్క కూడా రాసుకుంటాను. పోయిన చలికాలం మూడు ఊతలు కనపడ్డాయి.