నాయనమ్మ దిద్దిన అక్షరములు



గత మాసమున మా నాయనమ్మ 97 ఏండ్ల నిండు జీవితము గడిపి శ్రీరామచంద్రుని సన్నిధి చేరెను. పెద్దకర్మకు విచ్చేసి మమ్ము ఓదార్చిన భక్తులందఱికిని మా నమస్కారములు. ఈ మాసము ఈ శీర్షికయందు ఆమెను స్మరించుచున్నాము.

ఆమె పూర్వులు కూలి ఒప్పందముపై కోరంగి రేవున ఓడ నెక్కి, పోర్టు లూయీలో దిగి, చెఱకు తోటలకు వచ్చినవారు. ఆ రేవు పేరుననే మనవారిని ఈ మారిషస్ దీవిలో కోరంగీలని పిలిచిరి. ఆమె తోట కాంపులో పుట్టి, పదేండ్లకే తల్లివెంట కోతలకు పోయెను. బడి యెఱుగదు.

1948 ఆగస్టు ఎన్నికలకు ముందు ఒక వార్త కాంపునకు చేరెను. దీవిలో వాడుకనున్న ఏ భాషయందైనను సులభ వాక్యములు చదివి వ్రాయగల వయోజనులకు, స్త్రీలకు సైతము, ఓటు లభించునట! అప్పటి కామెకు 22 ఏండ్లు, చంకను బిడ్డ. పగలు చెఱకు, రాత్రి పెద్దబాలశిక్ష. మా తాతగారి పలకపై కిరసనాయిలు దీపము ముందు ఓనమాలు దిద్దెను. చెఱకాకు కోసిన వ్రేళ్లకు బలపము పట్టుట యెంత కష్టమో నవ్వుచు చెప్పెడిది. అధికారి యెదుట తెలుగున పేరు వ్రాసి, వాక్యము చదివి, ఓటు సంపాదించెను. “మా పెద్దలు నిశాని గీటు పెట్టి వచ్చినారు; నేను నా పేరు వ్రాసినాను” అనెడిది.

1960 ఫిబ్రవరిలో కెరోల్ తుపాను మా యింటికప్పు నెగురగొట్టిన దినమున, బిడ్డలను మంచము క్రిందికి త్రోసి, భజన దీపపు కుందిని, ఆ పుస్తకమును కొంగున మూటగట్టి కాపాడెను.

మాకందఱికిని అక్షరములు నేర్పినది ఆమెయే. మేమో, ఆమె తెలుగున పలుకరించిన క్రియోలున బదులు చెప్పితిమి. తుది దినములలో ఆమె క్రియోలు మఱచెను, తెలుగొక్కటే మిగిలెను. ఒకనాటి సంధ్యవేళ ఏదియో కోరెను. మునిమనుమలు నీరు తెచ్చిరి, దుప్పటి తెచ్చిరి. ఆమె కాదని తల యూపుచునే యుండెను. మాలో పెద్దవారు వచ్చి వినగా, “కుంది ముట్టించండర్రా” అనుచున్నది. తుపానునుండి ఆమె కాపాడిన కుంది పేరు ఆమె యింటి పిల్లలకే తెలియదు! తప్పు వారిది కాదు, మాది.

మన కోవెలలో రామభజనలు కంఠస్థముగా పాడు పిల్లలు గలరు. అర్థమడిగిన మౌనము వహింతురు. కావున ముసలివారున్న యిండ్లవారికి మా విన్నపము: దినమునకు గడియసేపు వారికడ కూర్చుండి, వారి మాటలకు తెలుగుననే బదులు పలుకుడు. పిల్లలను చెంత నుంచుకొనుడు.

మేమిప్పుడు ప్రతి శనివారము సాయంకాలము ఆ కుందిని ముట్టించి, ఆ పలకపైననే పిల్లలచే ఓనమాలు దిద్దించుచున్నాము. ఆలస్యమైనదని యెఱుగుదుము. అయినను ఆరంభించితిమి.

శ్రీరాముడు ఆమె ఆత్మకు శాంతి నొసగుగాక.