మెరుపు చూసి కాదు, లోటు చూసి తొడగండి

రఘునాథపల్లి మండలంలో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కత్తి పట్టి ఆడే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వాళ్ల తల్లిదండ్రులకు, లెక్కల సార్లకు ఒక విన్నపం

ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో విల్లు పట్టేవాడికి, మంత్రం వేసేవాడికి దూరమే కాపు. దగ్గరికి పోయి కత్తితోనో గొడ్డలితోనో కొట్టేవాడికి ఆ వీలు లేదు. బాస్ అనే పెద్ద శత్రువు ఎదుట నిలబడాలి, దెబ్బ తినాలి, తిన్నదానికి రెట్టింపు తిరిగి ఇవ్వాలి. అందుకే వాడు ఒంటిమీద ఏం తొడిగాడు, దానిమీద బలం పెంచే ఏ ఎన్‌చాంట్‌మెంట్ (మంత్రపు పూత) వేయించాడు అన్నచోటే సగం ఆట తేలిపోతుంది. ఇంత పెద్ద సంగతిని చాలామంది రంగు చూసి తేల్చేస్తారు. ఊదా రంగు పేరున్న చేతితొడుగు దొరకగానే నీలం రంగుది తీసి పారేస్తారు. కత్తి అంచున మంట మండుతుంటే చాలు, అదే గొప్ప ఎన్‌చాంట్‌మెంట్ అనుకుంటారు. ఈ కరపత్రం చెప్పదలచింది ఒక్కటే. గేర్‌ను (తొడుగులను, ఆయుధాలను) మెరుపు చూసి కాదు, మన ఆటగాడిలో ఉన్న లోటు చూసి ఎంచుకోవాలి. లోటు తెలియాలంటే అంకెలు కనబడాలి. అంకెలు దాచిపెట్టి అమ్మే వస్తువుకు మన ఊరి నుంచి ఒక్క పైసా పోకూడదు.

ఈ మాట మన గడ్డకు కొత్తది కాదు. తాటిచెట్టు ఎక్కే గౌడన్న కత్తికి ఎంత పదును పెట్టినా, ముందు చూసుకునేది మోకును. మోకు తెగితే కత్తి పదును ఎవరికీ పనికిరాదు. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలుపెట్టిందీ ఈ లెక్కతోనే. కల్లు ఎక్కువ దించడానికి కొత్త కత్తి ఇవ్వలేదు, జారినప్పుడు మనిషిని పట్టి ఆపే తాళ్లు ఇచ్చారు. ప్రాణం తీస్తున్న లోటు అక్కడుంది కాబట్టి. మన మండలంలోనే ఖిలాషాపూర్‌లో కోట కట్టుకున్న సర్వాయి పాపన్న 1708లో ఓరుగల్లు మీదికి పోయినప్పుడు మొహర్రం రోజులు చూసుకుని పోయాడని చరిత్రకారులు రాశారు. గోడ ఎంత ఎత్తో కాదు, కాపలా ఎప్పుడు సడలుతుందో చూశాడన్నమాట. ఇక పెంబర్తి ఇత్తడి పనివాళ్ల నగిషీ జగమంతా మెచ్చుకున్నది. అయినా నగిషీ తలుపుకు అందమే గాని గొళ్లెం కాదు. ఆటలో ఊదా రంగు, మంటల కత్తి నగిషీలాంటివి. గొళ్లెం ఎక్కడుందో వేరే వెతుక్కోవాలి.

ఎలా వెతకాలో ఒక్క ఆటను దగ్గరగా పట్టుకుని చూద్దాం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నవంబరులో వచ్చింది. దాని రెండో విస్తరణ రాథ్ ఆఫ్ ది లిచ్ కింగ్ 2008లో వచ్చింది, 2022లో దాన్ని క్లాసిక్ రూపంలో మళ్లీ తెరిచారు. కత్తి పట్టేవాడి లెక్క ఇందులో ఉన్నంత తేటగా మరోచోట కనబడదు. లెవెల్ 80 చేరిన మీ ఆటగాడు రెయిడ్ (జట్టుగా చేసే దాడి) బాస్‌ను వీపువైపు నుంచి కొడుతున్నాడనుకోండి. గేర్ సాయం ఏమీ లేకుంటే బటన్ నొక్కి వేసే ప్రత్యేక వేట్లలో వందకు 8 గాలికి పోతాయి. మరో ఆరున్నర వేట్లను బాస్ తప్పించుకుంటాడు. తగిలేవి 85.5. తగిలినవాటిలో వందకు 30 క్రిట్ అవుతాయని, క్రిట్ అంటే రెట్టింపు దెబ్బ అని లెక్కేస్తే, మొత్తం క్రిట్ కాని 111.15 వేట్ల పని జరిగినట్టు. ఇప్పుడు మీ చేతిలో వంద పాయింట్లున్నాయి, హిట్‌లో (దెబ్బ తగిలే అవకాశంలో) పెట్టాలా, క్రిట్‌లో పెట్టాలా? ఆ లెవెల్‌లో 32.79 హిట్ రేటింగ్ ఒక శాతానికి సమానం, క్రిట్‌కు 45.91 కావాలి. వంద పాయింట్లు హిట్‌లో పెడితే 3.05 శాతం వేట్లు కొత్తగా తగులుతాయి, పని 115.1కు చేరుతుంది. క్రిట్‌లో పెడితే 113 దగ్గర ఆగుతుంది. అవే వంద పాయింట్లు, లాభంలో రెట్టింపుకు పైగా తేడా. తగలని దెబ్బకు క్రిట్ లేదు, బలమూ లేదు. చిల్లు కుండలో నీళ్లు పోసేముందు చిల్లు పూడ్చమని పెద్దలు చెప్పేది ఇందుకే.

కాని హిట్ మంచిదని దాన్నే పోగేసుకుంటూ పోతే అదీ తెలివితక్కువే. గాలికి పోయే 8 శాతం పూడ్చడానికి 263 రేటింగ్ చాలు. 264వ పాయింటు ఆ ప్రత్యేక వేట్లకు ఎందుకూ పనికిరాదు. నిండిన కుండలో పోసిన నీళ్లు నేలపాలే కదా. ఎన్‌చాంట్‌మెంట్ విలువ తెలిసేది సరిగ్గా ఇక్కడ. మీ గేర్ అంతా కలిపితే 231 హిట్ వచ్చిందనుకోండి, లోటు 32. చేతితొడుగుల మీద ప్రెసిషన్ అనే ఎన్‌చాంట్‌మెంట్ 20 హిట్ ఇస్తుంది. బూట్ల మీద ఐస్‌వాకర్ 12 హిట్, పైగా 12 క్రిట్ ఇస్తుంది. రెండూ కలిపితే 32, లోటు అంకె తేడా లేకుండా పూడింది. ఇక ఆయుధం మీద 25 హిట్, 25 క్రిట్ ఇచ్చే అక్యురసీ వేయిస్తే అందులో హిట్ సగం దండగ. ఆ చోట కాసేపు 400 అటాక్ పవర్ (దెబ్బ బలం) పెంచే బెర్సర్కింగ్ వేయించుకోవచ్చు. పక్కవాడి గేర్‌లో 206 హిట్ ఉంటే లోటు 57. వాడికి అక్యురసీయే సరైనది, బెర్సర్కింగ్ కాదు. ఒకే ఆట, ఒకే క్లాస్ (యోధుడి రకం), ఒకే కత్తి, అయినా ఇద్దరికీ రెండు వేర్వేరు జవాబులు. గేర్‌ను ముక్కలుగా కొలవకూడదు, ఒంటిమీదున్నదంతా కలిపి కొలవాలి.

పాత్రను బట్టి కూడా లోటు మారుతుంది. రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టేవాడి మామూలు వేట్లు (బటన్ నొక్కకుండా వాటంతటవే పడేవి) వందకు 27 గాలికి పోతాయి. వాడికి 263 దాటిన హిట్ కూడా కొంత ఉపయోగమే, అయితే మునుపటంత విలువ చేయదు. అందరి ముందు నిలబడి దెబ్బలు కాచే ట్యాంక్‌కు అసలు లోటు హిట్ కాదు, డిఫెన్స్. బాస్ దెబ్బ తనమీద క్రిట్ కాకుండా ఉండాలంటే 540 డిఫెన్స్ కావాలి. 539 దగ్గర ఆగి, మిగిలిన పాయింట్లు బలంలో పోస్తే ఏదో ఒక వేటు రెట్టింపై వాడు నేలకూలవచ్చు, వాడి వెనకే జట్టంతా కూలుతుంది. వేరే ఆటల్లో పేర్లు మారతాయి, అంకెలు మారతాయి. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో పొడవడానికి, నరకడానికి, మోదడానికి వేర్వేరు గురి అంకెలుంటాయి, దెబ్బ బలానికి మరో అంకె ఉంటుంది. శత్రువు ఏ రకం వేటుకు లొంగుతాడో చూడకుండా బలం ఒక్కటే పెంచితే అక్కడా ఇదే గతి. పద్ధతి మాత్రం మారదు. ముందు ఏ లోటు మూలాన ఎక్కువ నష్టం జరుగుతోందో చూడాలి, దానికి హద్దు ఎక్కడుందో చూడాలి, హద్దు దాకా పూడ్చి రెండో లోటుకు పోవాలి.

ఇంతవరకు చెప్పిన లెక్క సాగింది ఎందుకు? 32.79 అనే అంకె అందరికీ తెలుసు కాబట్టి. ఆ అంకె దాచేస్తే లెక్క లేదు, ఎంపిక లేదు, మిగిలేది జూదమే. ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చిన చాలా ఆటల్లో ఎన్‌చాంట్‌మెంట్ ఇలాగే నడుస్తోంది. ఒక రాయి కొంటారు, కత్తిమీద రుద్దుతారు, అదృష్టం ఉంటే స్టాట్ (కత్తి బలాన్ని చూపే అంకె) పెరుగుతుంది, లేకుంటే రాయి పోతుంది. ఎంత అవకాశముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. దీని పర్యవసానం దక్షిణ కొరియాలో బయటపడింది. మేపుల్‌స్టోరీ అనే ఆటలో గేర్ స్టాట్స్‌ను మార్చే క్యూబ్‌లు అమ్మేవారు. జనం ఎక్కువగా కోరుకునే కొన్ని స్టాట్ల కలయికలు వచ్చే అవకాశాన్ని 2011 ఆగస్టు నుంచి 2021 మార్చి దాకా సున్నాగా ఉంచి, ఆ సంగతి ఆటగాళ్లకు చెప్పలేదని అక్కడి వాణిజ్య నియంత్రణ సంస్థ తేల్చింది. 2024 జనవరిలో ఆ ఆట కంపెనీ నెక్సాన్‌కు సుమారు 1,160 కోట్ల వోన్ల జరిమానా పడింది. దాదాపు పదేళ్లపాటు ఎంతమంది రాని దానికోసం క్యూబ్‌లు కొన్నారో ఊహించుకోండి. వాళ్లు లెక్క రానివాళ్లు కారు, లెక్క వేయడానికి వాళ్ల చేతికి అంకె ఇవ్వలేదు, అంతే.

అంకె ఇచ్చినా లెక్క రాకుంటే మరో గోతిలో పడతాం. ఒక రాయి ఎనభై రూపాయలని, పది శాతం పనిచేస్తుందని అనుకుందాం. పది శాతమంటే పది రాళ్లకు ఒకటి పక్కా అని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. ఒక్కో రాయి విఫలమయ్యే అవకాశం పదింట తొమ్మిది. పదిసార్లూ వరుసగా విఫలమయ్యే అవకాశం 0.9ని పదిసార్లు గుణిస్తే వస్తుంది, దాదాపు 35 శాతం. అంటే ఎనిమిది వందల రూపాయలు పెట్టిన ముగ్గురిలో ఒకరికి ఏమీ దక్కదు. ఇరవై రాళ్లు, పదహారు వందల రూపాయలు పెట్టినా వందలో పన్నెండు మంది ఉత్త చేతులతోనే లేస్తారు. ఇన్నిసార్లు పోయింది, ఈసారి తప్పక వస్తుంది అనుకోవడమే అన్నిటికన్నా పెద్ద మోసం. వరుసగా పోయినదాన్ని గుర్తుంచుకునే ఏర్పాటు ఆటలోనే ఉంటే తప్ప, పదకొండో రాయికి పాత పది రాళ్ల జ్ఞాపకం ఉండదు.

ఇక అభ్యంతరాలు. ఆటను ఆటలా ఆడాలి గాని ఈ లెక్కలెందుకని కొందరంటారు. సరదాకు రెండు పూటలు ఆడి వదిలేసేవాళ్లకు నిజంగానే ఇది అక్కరలేదు, వాళ్లు మంటల కత్తి పట్టుకుని తిరిగినా తప్పు లేదు. కాని నెలలతరబడి రాత్రులు కాచి, జట్టుగా రెయిడ్‌కు పోయి, పైసలు కూడా పెట్టేవాడికి లెక్క సరదాను చంపదు, సరదాకు దారి చూపుతుంది. కబడ్డీలో కూత ఎంతసేపు పట్టాలో, ఎప్పుడు వెనక్కి రావాలో తెలిసినవాడికే ఆట రుచి తెలుస్తుంది కదా. ఏ గేర్ తొడగాలో చెప్పే గైడ్లున్నాయి, చూసి కాపీ కొడితే సరిపోదా అంటారు మరికొందరు. గైడ్ రాసినవాడు తన గేర్ చూసి రాశాడు. పైన 231 హిట్ ఉన్నవాడికి పనికొచ్చిన గైడ్ 206 ఉన్నవాడిని ముంచుతుంది. ఆటకు కొత్త ప్యాచ్ (మార్పుల కూర్పు) వస్తే ఆ గైడ్ పాత పంచాంగమవుతుంది. పైగా మంచి గైడ్లలో ఎక్కువ ఇంగ్లిషులో ఉన్నాయి, అందులో సగం అర్థమై సగం కాకుంటే నష్టమే ఎక్కువ. గైడ్ చదవండి, అందులో జవాబు కాదు, పద్ధతి తీసుకోండి.

బలమైన అభ్యంతరం తల్లిదండ్రులది. చదువు పాడుచేసే ఆటకు మళ్లీ పాఠాలు కూడానా అని. వాళ్ల భయం ఉత్తది కాదు. గంటలకు హద్దు ఉండాలి, పరీక్షల ముందు ఫోన్ పక్కన పెట్టాలి, ఇంటి పైసలు అడగకుండా తీయకూడదు. అందులో వాదన లేదు. కాని ఆడొద్దన్నంత మాత్రాన ఆగని పిల్లవాడు లెక్క లేకుండా ఆడటం మేలా, లెక్కతో ఆడటం మేలా? పదో తరగతి గణితంలో సంభావ్యత పాఠం ఉంది. నాణెం, పాచిక, పేకముక్కలతో చెబుతారు. అదే పాఠాన్ని ఎన్‌చాంట్‌మెంట్ రాయితో చెబితే ఒక్క గంటలో ఎక్కుతుంది. ఎక్కినవాడు ఆ రాయి కొనడం మానేసే అవకాశమే ఎక్కువ. ఇదంతా చట్టం చూసుకుంటుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పైసలు పెట్టి పైసలు గెలవాలనుకునే ఆటలపై గురిపెట్టింది. కత్తి పదునుకోసం రాయి కొనడం వేరు. పైసలు పోతాయి, తిరిగి వచ్చేది తెరమీది అంకె మాత్రమే. చైనా 2017లో, దక్షిణ కొరియా 2024 మార్చిలో ఇలాంటి వస్తువుల అవకాశాలను బయటపెట్టాలని నియమం పెట్టాయి. అంకె చెబితే వ్యాపారం మునుగుతుందన్న వాదన అక్కడ నిలబడలేదు, ఆ దేశాల్లో ఆటలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

కాబట్టి రఘునాథపల్లిలో మనం చేయగలిగిన పనులు మూడు. ఒకటి, ఆడే ప్రతివాళ్లూ ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఒక పేజీలో ఇప్పుడున్న స్టాట్స్, పక్కన వాటి హద్దులు, చివర లోటు రాయండి. ఆ పేజీ నిండనిదే కొత్త గేర్ తొడగొద్దు, ఎన్‌చాంట్‌మెంట్ వేయించొద్దు. రెండు, ఆదివారం పూట బడి గదిలోనో, గ్రంథాలయంలోనో, పంచాయతీ వరండాలోనో ఒక గంట కూర్చుందాం. ఫోన్లు పక్కన పెట్టి, పలక మీద ఒక ఆట లెక్క వేద్దాం. లెక్కల సార్లు వస్తే తప్పులు దిద్దుతారు, అమ్మానాన్నలు వస్తే పిల్లలు ఎక్కడ పైసలు పోగొట్టుకుంటున్నారో వాళ్ల కళ్లతో చూస్తారు. తేలిన లెక్కలను తెలుగులో రాసి గోడకు అంటిద్దాం. మూడు, మన దేశంలో అమ్మే ఏ ఆటలోనైనా అదృష్టం మీద ఆధారపడే ఎన్‌చాంట్‌మెంట్ ఉంటే దాని అవకాశం శాతంలో, తెలుగులో, కొనే బటన్ పక్కనే కనబడాలని ప్రభుత్వాన్ని కోరుతూ సంతకాలు చేద్దాం. అంతదాకా ఆ అంకె చూపని రాయి ఎంత మెరిసినా దాన్ని ముట్టుకోవద్దు.

మోకు చూసుకోకుండా చెట్టెక్కమని ఏ గౌడన్నా తన కొడుక్కు చెప్పడు. లోటు చూసుకోకుండా బాస్ ముందుకు పొమ్మని మనం మన తమ్ముడికి ఎందుకు చెప్పాలి? వచ్చే ఆదివారం నోట్‌బుక్, పెన్ను తీసుకుని రండి. మొదటి పేజీ కలిసే రాద్దాం.

ఇట్లు,
మీలో ఒక ఆటగాడు
రఘునాథపల్లి