సంపు రాసిన వీలునామా

సంపు అన్న మాటకి హైదరాబాదులో ఒక అర్థం, ఇక్కడ ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇంకో అర్థం. అక్కడ సంపు అంటే నీళ్ళు దాచుకునే తొట్టి. మునిసిపాలిటీ నీళ్ళొచ్చే ఆ కాసేపట్లో అది నిండుతుందా లేదా అని ఇంటిల్లిపాదికీ బెంగ. ఇక్కడ సంపు అంటే బేస్‌మెంటులో ఓ మూలనుండే గొయ్యి. పునాది చుట్టూ చేరిన నీళ్ళు అందులోకి దిగుతాయి, మోటారు వాటిని బయటికి తోడి పారేస్తుంది. ఇక్కడి బెంగ అది నిండకూడదని. మాట ఒకటే, భయాలు మాత్రం ఎదురుబొదురు.

ఈ రెండో భయం ఉత్తుత్తిది కాదు. 2014 ఆగస్టు 11న కురిసిన వానకి డిట్రాయిట్ చుట్టుపక్కల ఫ్రీవేలు చెరువులయ్యాయి, బేస్‌మెంట్లు మునిగాయి. 2021 జూన్ ఆఖర్లో మళ్ళీ అదే కథ. 2023 ఫిబ్రవరిలో వచ్చిన ఐస్ స్టార్మ్‌కి చెట్ల కొమ్మలు తీగల మీద విరిగిపడి లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది. మోటారుతో ఉన్న చిక్కే అది. గాలివాన వస్తే కరెంటు పోతుంది, కరెంటు పోతే మోటారు ఆగుతుంది. సరిగ్గా దానితో పని పడిన రోజునే అది చేతులెత్తేస్తుంది.

ఇక మన ఇళ్ళల్లో బేస్‌మెంటులో ఏముంటుందో నేను చెప్పక్కర్లేదు. ఇరవైమూడు కిలోల లెక్క చూసుకుంటూ, చీరలు తీసి పుస్తకాలు పెట్టి, పుస్తకాలు తీసి పచ్చళ్ళు పెట్టి, చివరికి ఎలాగో మోసుకొచ్చిన తెలుగు పుస్తకాలు. పైన అలమరాలు చాలక అట్టపెట్టెల్లోకెక్కి, మెట్లు దిగి, అక్కడ స్థిరపడిపోయినవి. కార్పెట్టు పాడైతే కొత్తది వేయించుకోవచ్చు. ముప్ఫయ్యేళ్ళ క్రితం అబిడ్స్‌లో పేవ్‌మెంటు మీద దొరికిన పుస్తకం తడిసిపోతే ఏ దుకాణానికి వెళ్తాం?

అందుకే వారమంతా కార్లకి సాఫ్ట్‌వేర్ రాసే మా మిత్రులు కొందరు శనివారాలు బేస్‌మెంటులో కూర్చుని సంపుకి నోరు తెప్పించే పని పెట్టుకున్నారు. ఈమధ్య వాళ్ళ కబుర్లన్నీ క్లౌడ్‌లో వచ్చిన కొత్త సదుపాయాల గురించే. ఈసారి ఆ సంగతే రాస్తున్నాను. ఎలక్ట్రానిక్స్ తెలియనివాళ్ళు పేజీ తిప్పెయ్యకండి, ఇది అంత కష్టమైన విషయమేమీ కాదు.

ముందు సామాను. 2005లో ఇటలీలోని ఇవ్రేయా అనే చిన్న ఊళ్ళో, డిజైను చదువుకునే విద్యార్థుల కోసం కొందరు చవకైన సర్క్యూట్ బోర్డు ఒకటి తయారుచేశారు. తాము కూర్చునే బారు పేరే దానికి పెట్టారు: ఆర్డుయినో. ఆ బారుకి ఆ పేరు వెయ్యేళ్ళ నాటి ఒక రాజు నుంచి వచ్చింది. ఆ తరవాత 2014 ప్రాంతంలో షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ కంపెనీ వాళ్ళ ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్ అభిరుచికొద్దీ పనిచేసేవాళ్ళ చేతికి వచ్చింది. కాఫీ ఖరీదుకి దొరికే బోర్డు ఇంటర్నెట్టుతో మాట్లాడటం మొదలుపెట్టింది. దానికి ఓ సెన్సర్ తగిలిస్తే సంపులో నీళ్ళెంత ఎత్తులో ఉన్నాయో చెబుతుంది.

ఎవరికి చెబుతుంది? ఇక్కడే క్లౌడ్ వస్తుంది. బోర్డు తన కబురుని ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కి పంపుతుంది. మీ ఫోను అక్కడినుంచే తీసుకుంటుంది. ఆర్డుయినో క్లౌడ్, అడాఫ్రూట్ ఐఓ, థింగ్‌స్పీక్, బ్లింక్ ఇవన్నీ ఆ పని చేసేవే. ఒక విధంగా అవి పోస్టాఫీసులు. ఉత్తరం రాసేది బోర్డు, చదివేది మీరు.

మొదట్లో ఈ పోస్టాఫీసుల్లో గ్రాఫులు గీసి చూపించడమే గొప్ప. ఇప్పుడు హంగులు పెరిగాయి. నీళ్ళు ఫలానా ఎత్తు దాటితే ఫోనుకి కబురు పంపే ట్రిగ్గర్లు వచ్చాయి. బోర్డుని గోతి దగ్గరనుంచి ఊడదీసి కంప్యూటరుకి తగిలించకుండా, గాలిలోనే కొత్త ప్రోగ్రాము ఎక్కించే వీలుంది. మీ డాష్‌బోర్డుని ఇంకొకరితో పంచుకోవచ్చు. ప్రోగ్రాము రాయడానికి సాయం చేసే ఏఐ కూడా ఆర్డుయినో వారి ఎడిటర్‌లోనే కూర్చుంది. వీటన్నిటి మధ్యా పెద్ద ఆర్భాటం లేకుండా వచ్చిన సదుపాయం ఇంకొకటుంది: బోర్డు ఆఫ్‌లైన్ అయిపోతే మీకు తెలియజెయ్యడం. నన్నడిగితే మిగతావన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు.

ఎందుకో చెబుతాను. కరెంటు పోయిందనుకోండి. మోటారుతో పాటు రూటరూ ఆగుతుంది, బోర్డూ ఆగుతుంది. "నేను పోతున్నాను" అని కబురు పెట్టడానికి వాటికి ఊపిరి ఉండదు. ఇంట్లో ఎన్ని తెలివైన పరికరాలు పెట్టినా, ఇల్లు తన చావుకబురు తానే చెప్పలేదు. బయట ఎవరో ఒకరు ఆ మౌనాన్ని గమనించాలి. విజయవాడలో ఒంటరిగా ఉండే అమ్మ రోజూ పొద్దున్నే ఫోను చేస్తుంది. ఆవిడ చెప్పే సంగతుల్లో కొత్తేమీ ఉండదు: పాలవాడు రాలేదు, పక్కవాళ్ళ అమ్మాయికి సంబంధం కుదిరింది. కానీ ఒకరోజు ఆ ఫోను రాకపోతే, ఆ రాకపోవడమే మనం ఆరోజు విన్న అతి పెద్ద కబురు. క్లౌడ్ మనకి చెయ్యగల అసలైన సేవ ఇదే. ఇంటికి వెలుపల కూర్చుని, రోజూ వచ్చే ఫోను రాలేదని గమనించడం.

ఈ ఆలోచన కొత్తదీ కాదు. ఈ పరికరాల్లో చాలావాటి మాటలు ఎంక్యూటీటీ అనే పద్ధతిలో నడుస్తాయి. ఐబీఎంలో పనిచేసే ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇంకో ఇంజనీరు కలిసి 1999లో దీన్ని తయారుచేశారు. ఎడారుల్లో పోయే చమురు గొట్టాల గురించి ఉపగ్రహం ద్వారా కబురు అందాలి. ఉపగ్రహం మీద ప్రతి అక్షరానికీ ఖర్చే. అందుకని క్లుప్తంగా మాట్లాడే పద్ధతి కావలసివచ్చింది. అందులో వాళ్ళు పెట్టిన ఒక ఏర్పాటు పేరే వీలునామా. నేను అలంకారంగా అనటం లేదు, ఆ ప్రమాణ పత్రంలోనే ఆ పేరుంది. బోర్డు కనెక్ట్ అయ్యేటప్పుడే సర్వర్ చేతిలో ఒక మాట పెడుతుంది: "నేను చెప్పకుండా మాయమైతే ఈ కబురు ఫలానావాళ్ళకి అందజెయ్యి." ఎన్ని సెకన్లకోసారి పలకరిస్తుందో కూడా ముందే చెబుతుంది. ఆ గడువుకి ఒకటిన్నర రెట్లు గడిచినా పలుకు లేకపోతే, సర్వర్ ఆ వీలునామా విప్పి చదువుతుంది. బుద్ధిగా సెలవు తీసుకుని వెళ్ళిపోతే మాత్రం వీలునామా చదవరు. బతికుండగానే రాసిపెట్టుకోవడం, చెప్పకుండా పోతేనే విప్పడం. మనుషులకి కూడా ఇంత చక్కటి పద్ధతి లేదేమో.

అయితే వీలునామా ఎలా పోయిందో చెప్పదు. కరెంటు పోయిందా, వైఫై తెగిందా, బోర్డే చెడిపోయిందా అన్నది తెలియదు. పోయిందన్నది ఒక్కటే తెలుస్తుంది. ఇంటికి వెళ్ళి చూడటానికి ఆ ఒక్క ముక్క చాలు.

ఇప్పుడు ఖర్చు లెక్క. ఈ పోస్టాఫీసులన్నీ కొంతవరకు ఉచితమే. అడాఫ్రూట్ ఐఓ ఉచిత ఖాతాలో నిమిషానికి 30 కబుర్లు పంపుకోవచ్చు, వాటిని 30 రోజులు దాస్తారు. థింగ్‌స్పీక్‌లో 15 సెకన్లకో కబురు. ఆర్డుయినో క్లౌడ్ ఉచిత ఖాతాలో పాత అంకెలు ఒక్కరోజే ఉంటాయి. సంపు నిండిపోతోందని చెప్పడానికి ఇవన్నీ ధారాళంగా సరిపోతాయి. పోయిన ఏప్రిల్ కంటే ఈ ఏప్రిల్‌లో మోటారు ఎక్కువసార్లు ఎందుకు తిరుగుతోంది అన్న ప్రశ్నకి మాత్రం అంకెల్ని కొద్దిరోజులే దాచే ఖాతాలు సరిపోవు. మోటారు ముసలిదవుతోందనో, పునాది పక్కన నేల కుంగిందనో తెలిసేది ఆ ప్రశ్న వల్లనే. కాబట్టి వాళ్ళు దాచే గడువు దాటకముందే అంకెలు దించుకుని మీ కంప్యూటర్లో దాచుకోండి. పంటలెక్కలు, వానలెక్కలు బైండు పుస్తకంలో రాసుకున్న తాతల మనవలం, ఇది మనకి కొత్త అలవాటేమీ కాదు.

దాచుకొమ్మనడానికి ఇంకో కారణం కూడా ఉంది. బోర్డు పోతే చెప్పడానికి క్లౌడ్ ఉంది. క్లౌడే పోతే?

పోతుంది కూడా. రివాల్వ్ అని ఇంట్లో దీపాలూ తాళాలూ అన్నిటినీ ఒకచోట చేర్చే పెట్టె ఉండేది, 299 డాలర్లు. దాన్ని నెస్ట్ కంపెనీ కొనుక్కుంది. 2016 మే 15న సర్వర్ ఆపేశారు. ఆ పెట్టెలు చెడిపోలేదు, వాటితో మాట్లాడేవాళ్ళు లేకపోయారు, అంతే. గూగుల్ తన ఐఓటీ కోర్ అనే సేవని 2023 ఆగస్టు 16న మూసేసింది. అది అభిరుచివాళ్ళది కాదు, పెద్ద పెద్ద కంపెనీలు వాడుకున్నది. 2015లో కిక్‌స్టార్టర్ చందాలతో మొదలైన బ్లింక్, కొత్త రూపం తెచ్చుకున్నాక పాత సర్వర్‌ని 2022 ఆఖరికి నిలిపేసింది. పాత సర్వర్ ప్రోగ్రాము అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి, ఓపికున్నవాళ్ళు తమ ఇంట్లోనే దాన్ని నడుపుకునే వీలు మిగిలింది. 2025 అక్టోబరులో క్వాల్‌కామ్ ఆర్డుయినోని కొంటున్నట్టు ప్రకటించింది. దానివల్ల మంచే జరగవచ్చు. కానీ ఇవ్రేయా బారు పేరు పెట్టుకున్న బోర్డు ఎవరి చేతుల్లో ఉంటుందన్నది మన చేతుల్లో లేదన్న సంగతి మరోసారి గుర్తుకొచ్చింది.

తెలుగువాళ్ళం మనకిది అనుభవమే. రచ్చబండ యాహూ గ్రూపుల్లో నడిచిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఛందస్సు మీద, కథల మీద రాత్రిళ్ళు మేలుకుని రాసుకున్న ఉత్తరాలు. 2019 అక్టోబరులో యాహూ పాత సరుకంతా తీసేస్తామంది. 2020 డిసెంబరు 15న దుకాణమే కట్టేసింది. అలాంటి గుంపుల్లో ముందుచూపుతో దించుకున్నవాళ్ళ దగ్గర ఆ ఉత్తరాలు మిగిలాయి. క్లౌడ్ అని మనం పిలిచేది ఇంకొకరి అరుగు. కూర్చోనిచ్చినన్నాళ్ళు హాయిగా కూర్చుందాం. వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళవలసిన మూట మాత్రం కట్టుకుని ఉంచుకుందాం.

అలాగని క్లౌడే వద్దనడం నా ఉద్దేశం కాదు. మన ఊళ్ళలో కబురు లేని యంత్రం ఏంచేసిందో చూశాం. తెలంగాణలో రైతులు బోరు మోటార్లకి ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. పెట్టుకోక ఏంచేస్తారు? కరెంటు అర్ధరాత్రి వచ్చేది. మోటారు వెయ్యడానికి చీకట్లో చేనుగట్ల మీద నడిస్తే పాము భయం. ఆటో స్టార్టరు ఉంటే కరెంటు రాగానే మోటారు తనంతట తనే తిరుగుతుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చేసరికి ఆ సుఖమే సమస్యయింది. చేను తడిసినా మోటారు ఆగదు, భూమిలో నీళ్ళు అడుగంటుతాయి. వాటిని తీసెయ్యమని ప్రభుత్వమే ఊరూరా చెప్పవలసివచ్చింది. ఆ స్టార్టరుకి కరెంటు వచ్చిందన్న ఒక్క ముక్కే తెలుసు. చేను సంగతి దానికి తెలియదు, దాని సంగతి రైతుకి తెలియదు.

అక్కడ నిర్ణయం ఉంది, కబురు లేదు. ఇక్కడ మన మిత్రులు కొందరు దానికి తిరగేసి చేస్తున్నారు. మోటారు ఎప్పుడు తిరగాలన్న నిర్ణయాన్ని కూడా తీసుకెళ్ళి క్లౌడ్ చేతిలో పెడుతున్నారు. చెయ్యగలగడం సరదాగానే ఉంటుంది. కానీ ఇంటర్నెట్టు తెగిన రాత్రి గోతిలో నీళ్ళు పైకొస్తుంటే, మోటారు ఎక్కడినుంచో రావలసిన ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: కబురు క్లౌడ్‌కి అప్పగించండి, నిర్ణయం ఇంట్లోనే ఉంచుకోండి. మోటారుని తిప్పేది గోతిలో తేలే ఫ్లోట్ స్విచ్చే కావాలి. దానికి పాస్‌వర్డు అక్కర్లేదు, కొత్త వెర్షను అక్కర్లేదు, దాన్ని కొనుక్కునే కంపెనీ అంతకన్నా లేదు. కరెంటు పోయిన రోజుకి బ్యాటరీ మీద నడిచే రెండో మోటారు ఉండాలి. బోర్డు పక్కన నిలబడి చూసి చెబుతుంది, అంతే. క్లౌడ్ రేపు మాయమైనా బేస్‌మెంటు పొడిగా ఉంటుంది. మనకి కబురు మాత్రమే ఆగుతుంది.

ఇంకొక్క మాట. ఈ కబురు అందవలసింది మీ ఫోనుకి మాత్రమే కాదు. వేసవి సెలవులకి మీరు రాజమండ్రిలో ఉన్నప్పుడు, "బోర్డు ఆఫ్‌లైన్" అని అర్ధరాత్రి ఫోను మోగితే చెయ్యగలిగేది నిద్ర పాడుచేసుకోవడమే. మీ ఇంటి తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్ళకీ ఆ కబురు అందాలి. డాష్‌బోర్డు పంచుకునే సదుపాయం ఉన్నది అందుకే. వీధిలో ఇద్దరు ముగ్గురు ఒకరి సంపుల్ని ఒకరు కాచుకుంటే, అది ఏ కంపెనీ ఉచిత ప్లానుకన్నా ఎక్కువకాలం నడుస్తుంది.

అంతా బిగించాక ఒక పరీక్ష పెట్టండి. పొడిగా ఉన్న రోజున, చెప్పాపెట్టకుండా బోర్డు ప్లగ్గు పీకెయ్యండి. ఎన్ని నిమిషాలకి కబురు వచ్చిందో, ఎవరెవరికి వచ్చిందో చూసుకోండి. రాకపోతే ఆ వీలునామా ఇంకా రాయలేదన్నమాట. ఈలోగా, సెన్సరున్నా లేకపోయినా, పుస్తకాల పెట్టెల్ని నేలమీంచి తీసి ఓ రెండడుగుల ఎత్తున పెట్టండి.