హెడ్‌సెట్ కొనే ముందు ఇంట్లో తలలు లెక్కపెట్టండి

థ్యాంక్స్‌గివింగ్ దగ్గర పడుతుంటే మన ఇళ్లలో పిల్లల కోరికల జాబితా పెరుగుతుంది. ఒకప్పుడు అందులో గేమ్ కన్సోల్ ఉండేది. ఇప్పుడు ఆ చోటులో వీఆర్ హెడ్‌సెట్ వచ్చి కూర్చుంది. వాట్సాప్ గ్రూపుల్లో పెద్దవాళ్ల ప్రశ్న కూడా ఒకటే: ‘క్వెస్ట్ కొనాలా, విజన్ ప్రో కొనాలా?’ రెండూ పెట్టుకుని చూశాను. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్నలకూ పెట్టి చూపించాను. నాకు అర్థమైందేమిటంటే, దానికంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఇంట్లో ఎంతమంది దాన్ని నిజంగా వాడగలరు?

ముందు తేడాలు చూద్దాం. వీఆర్ అంటే మనమున్న గదిని మూసేసి ఇంకో లోకాన్ని చూపేది. ఏఆర్ అంటే గది కనపడుతుండగానే దాని మీద బొమ్మలు, తెరలు తెచ్చిపెట్టేది. క్వెస్ట్ 3, విజన్ ప్రో రెండు పనులూ చేస్తాయి. కాకపోతే వాటిలో గది నేరుగా కనపడదు. బయటి కెమెరాలు తీస్తున్న వీడియోనే లోపలి తెర మీద చూస్తాం. మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ మాత్రం పారదర్శకమైన అద్దంలోంచి గదిని నేరుగా చూడనిచ్చేది. మన హైదరాబాద్ వాడైన సత్య నాదెళ్ల సీఈవో అయిన మరుసటి ఏడాది, 2015లో దాన్ని ప్రపంచానికి చూపించారు. 3,500 డాలర్ల హోలోలెన్స్ 2 ఉత్పత్తిని 2024లో ఆపేశారు. ఫ్యాక్టరీలు, ఆస్పత్రుల దాకా వెళ్లిన ఆ వస్తువు మన ఇళ్లలోకి రాకుండానే వెళ్లిపోయింది.

ఇక ధరలు. క్వెస్ట్ 3 2023 అక్టోబరులో 499 డాలర్లకు వచ్చింది. ఏడాది తర్వాత కాస్త తక్కువ రకం కటకాలతో 3ఎస్ 299 డాలర్లకు వచ్చింది. విజన్ ప్రో 2024 ఫిబ్రవరి 2న 3,499 డాలర్లకు వచ్చింది. అంటే క్వెస్ట్ 3కి ఏడు రెట్లు. ఏడు రెట్లు బాగుందా అంటే, బొమ్మ పదును దగ్గర తేడా చూడగానే తెలుస్తుంది. రెండు కళ్లకూ కలిపి 2.3 కోట్ల పిక్సెళ్లు ఉండటంతో చిన్న అక్షరాలు కూడా హాయిగా చదువుకోవచ్చు. చేతిలో ఏమీ పట్టుకోనక్కర్లేదు. కావలసిన దానివైపు చూసి, బొటనవేలు, చూపుడువేలు కలిపితే చాలు. బటన్లంటే జంకే మా అమ్మ దీన్ని రెండు నిమిషాల్లో పట్టేసింది. ఆటల దగ్గర మాత్రం క్వెస్ట్‌దే పైచేయి. కంట్రోలర్లు చేతికి రాగానే పిల్లలకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

చిక్కంతా కళ్లజోడు దగ్గర వస్తుంది. క్వెస్ట్ 3ని కాస్త ముందుకు జరిపి కళ్లజోడుతోనే పెట్టుకోవచ్చు. విజన్ ప్రోలో అది కుదరదు. ఎవరి పవర్‌కు తగ్గ అద్దాలు వాళ్లు విడిగా కొని బిగించుకోవాలి. అవి వచ్చిన కొత్తలో జత 149 డాలర్లు. నలుగురూ కళ్లజోళ్లు పెట్టుకునే ఇంట్లో అది నలుగురి వస్తువు ఎలా అవుతుంది? బరువు కూడా 600 గ్రాములకు పైనే. క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు. మెడనొప్పి ఉన్నవాళ్లకు రెండూ బరువే. 2024లో వచ్చిన విజన్ ప్రో బ్యాటరీ మామూలు వాడకానికి రెండు గంటలు, సినిమాకైతే రెండున్నర వస్తుందని కంపెనీయే చెప్పింది. ‘మాయాబజార్’ నిడివి మూడు గంటలు. ప్లగ్గుకు కట్టేసుకుని కూర్చోకపోతే శశిరేఖ పెళ్లి దాకా రాలేం!

మాయాబజార్ అంటే గుర్తొచ్చింది. 1957లోనే మనవాళ్లు ప్రియదర్శిని పెట్టెను ఊహించారు. ఎవరికి ఇష్టమైనది వాళ్లకు చూపించే ఆ పెట్టె కుటుంబం మధ్యలో ఉంటుంది, ఒక్కొక్కరూ దాని ముందుకు వచ్చి చూస్తారు. ఇప్పటి ప్రియదర్శినిని ఒక్కరే మొహానికి తగిలించుకుంటారు. ఆరు నెలల కోసం సముద్రాలు దాటి వచ్చిన తాతయ్య పక్క సోఫాలో ఉంటే, మనవడు మొహం కప్పుకుని ఇంకో లోకంలో ఉంటాడు. ఫోన్లతోనే పలచబడ్డ మాటలు ఇంకా పలచబడకూడదన్నదే నా బెంగ. దీనికి తేలికైన ఉపాయం ఉంది. హెడ్‌సెట్‌లో కనిపించేదాన్ని టీవీలో కూడా చూపించవచ్చు. హాల్లోనే ఆడాలి, టీవీ వేసే ఆడాలి అని నియమం పెట్టండి. తాతయ్య కూడా అటువైపు వంగు, ఇటువైపు కొట్టు అని అరుస్తారు.

వయసు సంగతి కూడా పట్టించుకోవాలి. మెటా పదేళ్లు, యాపిల్ 13 ఏళ్లు కనీస వయసుగా పెట్టాయి. ఏడేళ్ల పిల్ల ఏడుస్తోందని తలకు తగిలించడం తగదు. ఇక పెద్దవాళ్లు. కళ్లేమో కదులుతున్నామని, లోపలి చెవేమో కదలడం లేదని మెదడుకు చెబుతాయి. ఆ తగవులోంచి తల తిరుగుడు పుడుతుంది. మొదటిసారి కుర్చీలో కూర్చోబెట్టి పది నిమిషాలకు మించి చూపించవద్దు. రోలర్ కోస్టర్ లాంటివి అసలే వద్దు.

పని కోసమైతే లెక్క వేరు. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే బెంటన్‌విల్ కేంద్రంగా నడిచే వాల్‌మార్ట్, 2018లో సిబ్బంది శిక్షణకు 17,000 వీఆర్ హెడ్‌సెట్లు తీసుకుంది. వారం వారం విమానాల్లో తిరుగుతూ పెద్ద తెర కావాలనుకునే కన్సల్టెంట్‌కు, కంపెనీ ఖర్చు భరిస్తే, విజన్ ప్రో అర్థవంతమైన వస్తువే. ఇంటి కోసమైతే 3,499 డాలర్లతో అమ్మానాన్నలకు రానుపోను టికెట్లు కొనడమే మేలంటాను.

ఒక్క విషయంలో మాత్రం ఈ సాంకేతికతకు దండం పెడతాను. ఐఫోన్ 15 ప్రో, ఆ తర్వాతి ప్రో ఫోన్లు లోతు తెలిసేలా స్పేషియల్ వీడియో తీస్తాయి. వాటిని విజన్ ప్రోలోనే కాదు, క్వెస్ట్‌లోనూ చూడొచ్చు. మా ఊరి ఇంటి వసారాలో తీసిన వీడియో చూపిస్తే నాన్న స్తంభాన్ని తాకబోయి చెయ్యి చాచారు. కాబట్టి ఈసారి ఇండియా వెళ్లినప్పుడు ఫోన్ అడ్డంగా, కదలకుండా పట్టుకుని, అయిదారు అడుగుల దూరం నుంచి అమ్మమ్మ వంటింటిని, ఆమె ఆవకాయ కలిపే చేతుల్ని తీసి పెట్టుకోండి. హెడ్‌సెట్లు ఏటికేడు తేలికవుతాయి, చవకవుతాయి. వాటి కోసం ఆగొచ్చు. అమ్మమ్మ వీడియో మాత్రం ఈ డిసెంబరు ప్రయాణంలోనే తీయండి.